పక్క సీటు బరువు

ఆదివారం పొద్దున్నే మార్కాపురంలో కంభం రోడ్డు మీద ఓబులమ్మ టీ బంకు ముందర అబ్రార్ కొత్త కారు ఆగింది. కొత్తదంటే వాడికి కొత్త, హైదరాబాదులో ఎవరో వాడి అమ్మింది. ఎర్రగా, నేలకి ఆనుకొని, టాపు లేకుండా ఉంది. సీట్లు రెండే. ఒకటి అబ్రార్‌ది. రెండో దాని కోసమే మేమంతా ఆడ కూచున్నాం. గిద్దలూరు దాటి, నల్లమల ఘాటులో మలుపులన్నీ తిరిగి, నంద్యాలలో బిర్యానీ తిని వస్తానని, ఇట్లాంటి బండి సంగతి ఎవరికి బాగా తెలిస్తే వాళ్ళనే పక్కన ఎక్కించుకుంటానని అబ్రార్ ముందురోజే చెప్పినాడు. పలకల వ్యాపారం చేసేవాడు, మాట తప్పే రకం కాదు.

శ్రీనుకి ఏడుమంది పట్టే పెద్ద బండి ఉంది. బండంటే బరువుండాల, పక్కన లారీ పోతే ఊగకూడదు, డిక్కీలో బియ్యం మూట పట్టాల అని వాడు మొదలుపెట్టినాడు. మన ఎండలకి టాపూ ఏసీ లేని దాంట్లో కూచుంటే అప్పడాలమై పోతామన్నాడు. అబ్రార్ అదంతా ఒప్పుకున్నాడు. స్పీడుబ్రేకరు వస్తే బండి కడుపు దానికి పట్టుకుంటాదని కూడా చెప్పినాడు. అయినా సరే, బరువు లేని బండి మలుపులో మన మాట వింటాదని, బ్రేకు మీద కాలు పెడితే చాలు నిలబడతాదని, ఇంజను చిన్నదైనా దానికి సిగ్గుపడే పనే లేదని వాడి వాదన.

ఇదంతా విని రామసుబ్బయ్య మామ టీ గ్లాసు కింద పెట్టినాడు. ఆయన గ్లాసు కింద పెట్టినాడంటే మిగతా వాళ్ళ పని ఆ పూటకి అయిపోయినట్టే. ఒకప్పుడు పుల్లలచెరువు రోడ్డులో జీపు నడిపినోడు. మనిషి భారీ. బెంచీకి ఒక కొసన ఆయన కూచుంటే రెండో కొసన ఇంకెవరన్నా కూచోవాల, లేకుంటే బెంచీ లేస్తాది.

ఆ రోజు గిద్దలూరులో ఓబులమ్మ కూతురు సుచరిత కుట్టుమిషన్ల షాపు తెరుస్తా ఉంది. గ్లాసులు ఖాళీ చేస్తే బంకు ఎవరికన్నా అప్పజెప్పి బస్సుకి పోతానని ఓబులమ్మ అప్పటికే రెండుసార్లు చెప్పింది. మామ చెయ్యి అడ్డం పెట్టినాడు. బస్సులకేముందక్కా, వస్తానే ఉంటాయి, ఇట్లాంటి మాట మళ్ళీ వినపడదు అన్నాడు.

"అల్లుడూ అబ్రారూ, ఆ తాళంచెవి జేబులో పెట్టుకోవద్దు, బల్ల మీదనే ఉండనీ. నేను ఎక్కువ చెప్పను. నాకు ఎక్కువ చెప్పే అలవాటే లేదు. ఒకసారి ఇట్లాంటి తేలిక బండిని ఘాటులో నడిపినా, దిగువమెట్ట అవతల ఒక ఆర్టీసీ బస్సుని దాటినా. అంతే సంగతి. దానికేం కొమ్ములు లేవు. ఎవరి బండంటావా? బెంగళూరు సేటుది. మన పలకల గనులు చూడటానికి వచ్చినాడు. చూసినోడు చూసినట్టు పోకుండా, మన మిరపకాయ బజ్జీ తిన్నాడు. కడుపు పట్టుకొని రైలెక్కతా, రామసుబ్బయ్యగారూ, ఈ బండిని నంద్యాలలో మావాళ్ళకి అప్పజెప్పాల, మీకు తప్ప ఇంకెవరికీ ఇవ్వను అన్నాడు. ఏం చేస్తాం, మన చేతి మంచితనం అట్లాంటిది. నా బావమరిది సంజీవరావు ఉన్నాడే, వాడు నేనూ వస్తానని పక్క సీట్లోకి దూకినాడు. నా ఖర్మ ఆడనే మొదలైంది, అది తర్వాత చెప్తా.

"గిద్దలూరు బస్టాండు కాడ బస్సు డ్రైవరు మమ్మల్ని చూసినాడు. ఏంది రామసుబ్బయ్యా, పిల్లకాయల బండి తోలుకొని వచ్చినావు, నంద్యాలలో నేను నిద్రపోయి లేచినాక వస్తావా అన్నాడు. అందరి ముందర అన్నాడు. నన్ను ఎన్నయినా అను, పడతా. నా చేతిలో ఉన్న బండిని అంటే ఊరుకోను. సరే, పదా చూద్దాం అన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊరు దాటకముందే స్పీడుబ్రేకరు. అబ్రార్ చెప్పినాడే, కడుపు పట్టుకుంటాదని, అచ్చం అట్లనే పట్టుకుంది. బస్సు ఎగిరి దాటి పోయింది. గొర్రెలు తోలుకొని ఇద్దరు వస్తా ఉంటే, నాయనా, ఒక చెయ్యి వెయ్యండి అన్నా. నులకమంచం ఎత్తినట్టు ఎత్తి అవతల పెట్టినారు. మేమిద్దరం లోపల కూచొనే ఉన్నాం."

"నువ్వు లోపల ఉండంగానే ఎత్తినారా?" శ్రీను ఆయన బొజ్జ వంక చూసినాడు.

"అప్పట్లో నేను సన్నం. అడ్డం రావద్దు.

"ఘాటు మొదలైంది. బస్సు ముందర, మేము వెనక. ఒక మలుపులో దాని తోక కనపడతాది, ఇంకో మలుపులో మాయం. అప్పుడు ఆలోచన చేసినా. తేలిగ్గా ఉండబట్టే కదా ఈ బండి ఇట్ల పోతా ఉంది, ఇంకా తేలిక చేస్తే? స్టెప్నీ విప్పి లోయలోకి దొర్లించినా. బండి ఒక గేరు తనంతట తనే మార్చుకుంది. డోర్లు పీకినా. డోర్లు ఎందుకు, మనమేమన్నా దొంగలమా తలుపులేసుకొని కూచోను? ఒక గొర్రెల దొడ్డికి ఇప్పటికీ ఎర్ర డోరే గేటు, కావాలంటే పోయి చూసుకోండి. బంపరు పోయింది. అద్దం పోయింది. హారను కూడా బరువే కదా, దాన్నీ పీకేసి నోటితోనే కొట్టినా. ముందర పోయే లారీవోడు వెనక ఇంకా పెద్ద లారీ వస్తా ఉందనుకొని రోడ్డు దిగి నిలబడినాడు."

"అది మాత్రం నమ్ముతా" అన్నాడు శ్రీను.

"నువ్వు నమ్మకున్నా జరిగింది జరిగిందే. పెట్రోలు సంగతి ఎవరన్నా ఆలోచన చేసినారా? ఊరికే ట్యాంకీలో కూచొని మోయించుకుంటాది, సోమరిపోతు. పారబోసినా. మిగతా ఘాటంతా బండి వాసన మీదనే పోయింది."

అప్పుడే గిద్దలూరు బస్సు హారను కొట్టుకుంటా బంకు ముందర నుంచి పోయింది. ఓబులమ్మ చేతిలో గరిట అట్లనే ఉంది. బెంచీల మధ్య నుంచి రోడ్డు మీదకి రావాలంటే మామ కాళ్ళు దాటాల, ఆయన కాళ్ళు తీయలేదు. బస్సు మలుపు తిరిగిందాకా చూసి, ఆమె పాలగిన్నె కింద మంట తగ్గించింది. మామకి బస్సు కనపడలేదు, వినపడనూ లేదు.

"ఆ తర్వాత రంగు. రంగుకి బరువుండదా? గోడకి సున్నం వేసేటప్పుడు బకెట్టు మోసి చూడండి తెలుస్తాది. మా చిన్నమ్మాయికని మార్కాపురంలో కొన్న పలక ఒకటి నా సంచిలో ఉంది. దాని అంచుతో బండి రంగంతా గీకి పారేసినా."

"బండి పోతా ఉండంగానా మామా?" అబ్రార్ గొంతులో కొంచెం భయం వినపడింది. వాడి చూపు తన కారు మీదకి పోయింది.

"పోతా ఉండంగానే. స్టీరింగు మోకాళ్ళతో పట్టుకున్నా. పుల్లలచెరువు రోడ్డులో జీపు నడిపినోడికి అదొక లెక్కా? ఇంత చేసినా బస్సుకీ మాకూ మధ్య ఒక్క మలుపు మిగిలి ఉంది. ఎంత తన్నినా అది తరగదు. ఇంకేముంది తీయడానికి? అటు చూసినా, ఇటు చూసినా. అప్పుడు వినపడింది. గేరు మార్చు బావా. నిదానం బావా. ఎడంపక్క గుంట ఉంది బావా. బ్రేకు తొక్కు బావా. పొద్దున్నుంచీ అదే మాట, గిద్దలూరు కాడి నుంచీ అదే మాట. నా అంత తెలివితక్కువోడు ఇంకొకడు ఉండడు అనుకున్నా. స్టెప్నీ కాదు, డోర్లు కాదు, తేలిక బండికి అసలు బరువు ఏందో తెలుసా? పక్క సీట్లో కూచొని సలహాలు చెప్పేవాడు.

"సంజీవా, ఆ చెట్టు మీద అడవి కోడి ఎంత బాగుందో దిగి చూడు అన్నా. అమాయకుడు, దిగినాడు. వాడి కాలు నేలకి తగిలిందో లేదో, బండి ముందర చక్రాలు లేచినాయి. వెనక చక్రాలు మేమెందుకు ఆగాల అని అవీ లేచినాయి. ఇంక చూసుకోండి, బస్సు కింద, నేను పైన. డ్రైవరు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టినాడు. కండక్టరు మాత్రం కిటికీలోంచి తల బయటికి పెట్టి, టికెట్టు తీసుకున్నావా అని అడిగినాడు. డ్యూటీ అంటే డ్యూటీ. రైలు దూరిపోయే బొగద మీదుగా పోయినా, కొండ మీదుగా పోయినా. ఒక పెద్దపులి వాగులో నీళ్ళు తాగతా తల ఎత్తి చూసి, మనకెందుకులే అని మళ్ళీ తాగింది. గద్ద ఒకటి వచ్చి పక్క సీట్లో కాసేపు కూచుంది. అది మాత్రం ఏమీ మాట్లాడలేదు, అందుకే బరువు అనిపించలేదు."

"దిగినావా, ఇంకా పైనే ఉన్నావా?" అన్నాడు శ్రీను.

"దిగడమే కష్టం. ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు. అప్పుడు పనికొచ్చింది మన ఊరి పలక. ముందరికి పెడితే ముక్కు దిగుతాది, ఒళ్ళోకి తీసుకుంటే లేస్తాది. అట్ల జరుపుకుంటా జరుపుకుంటా నంద్యాల బస్టాండులో సరిగ్గా ప్లాట్‌ఫారం మీద దించినా. గాలికి పోకుండా కరెంటు స్తంభానికి తాడేసి మేకని కట్టినట్టు కట్టినా. బస్సు వచ్చేసరికి నేను టిఫిను తిని, చెయ్యి కడుక్కొని, పేపరు చదువుతా ఉన్నా. సేటు మనుషులు వచ్చి బండిని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు."

"సంతోషంతోనా మామా?"

"ఇంకెందుకు? అందుకని అల్లుడూ, మాటల్తో కాదు, అనుభవంతో చెప్తన్నా. ఈ మార్కాపురం, గిద్దలూరు, కురిచేడు మొత్తం మీద ఇట్లాంటి బండి సంగతి నాకన్నా తెలిసినోడు ఉంటే చూపించు. ఘాటులో నీ పక్కన నేను ఉంటే యాడ బ్రేకు తొక్కాల, యాడ గేరు మార్చాల, యాడ హారను కొట్టాల, అంతా నేనే చెప్తా. నువ్వు ఊరికే స్టీరింగు పట్టుకో, చాలు."

మామ బల్ల మీది తాళంచెవిని అబ్రార్ వైపు జరిపి, లేవడానికి చేతులు మోకాళ్ళ మీద పెట్టినాడు. రెండో కొసన ఉన్నోళ్ళు బెంచీ పట్టుకున్నారు.

ఓబులమ్మ గ్లాసు కడుగుతానే అడిగింది, ఆ సంజీవరావు తర్వాత ఏమైనాడు అని. వాడా, కట్టెల లారీ ఎక్కి మర్నాడు ఇల్లు చేరినాడు, వాడు దిగబట్టే కదా బండి లేచింది అన్నాడు మామ.

"అయితే పక్క సీట్లో బరువు ఉండకూడదు. సలహాలు చెప్పే నోరు అసలే ఉండకూడదు. అంతేగా తమ్ముడూ?"

"అంతే అక్కా. అదే దీనికి మూలసూత్రం."

ఓబులమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంది. "విన్నావుగా అబ్రారూ. ఈయన చెప్పే కథకి నా బస్సు పోయింది. నేను బక్క ప్రాణిని. కారు గురించి నాకు ముక్క తెలవదు, నీకు సలహా చెప్పమన్నా చెప్పలేను. నన్ను గిద్దలూరులో మా సుచరిత షాపు కాడ దించు."

లేవబోయిన మామ సగంలోనే ఆగినాడు. అబ్రార్ ఆయన వంక చూసినాడు, కారు వంక చూసినాడు, పక్కకి తిరిగి నవ్వు మింగినాడు. మామే చెప్పినాడు కదా, తెలిసినోళ్ళ మాట కాదనకూడదు అన్నాడు. మరి బంకు ఎవరు చూస్తారని శ్రీను అడిగినాడు. ఓబులమ్మ గరిట తెచ్చి మామ చేతిలో పెట్టింది. పాల మీద నుంచి కన్ను తీయొద్దు తమ్ముడూ అని ఒకే ఒక్క మాట చెప్పి, కొంగు తలకి చుట్టుకొని, కూతురికి చేసిన బూరెల డబ్బా ఒళ్ళో పెట్టుకొని కార్లో కూచుంది. కారు కంభం వైపు పోయింది. స్పీడుబ్రేకరు కాడ ఆమె చక్కగా దిగి, కారు దాటినాక మళ్ళీ ఎక్కడం మాకు ఈడికే కనపడింది.

మామ గరిట పట్టుకొని రోడ్డు వంకే చూస్తా నిలబడినాడు. ఆ సీటు మీద ఆయనకి నిజంగానే ఆశ ఉంది. పొద్దున్నే తలకి రంగేసుకొని, ఉతికిన చొక్కా తొడుక్కొని వచ్చినాడు. మాకు నవ్వు వచ్చింది, పాపమనీ అనిపించింది. శ్రీను తన పెద్ద బండిలో తీసుకుపోతానన్నాడు. ఆ ఇనప బీరువాలో నేనెక్కను అని మామ కసురుకున్నాడు.

అంతలో మిరపకాయల లారీ ఒకటి ఆగి డ్రైవరు దిగినాడు. ఒక టీ అన్నాడు. ఓబులమ్మక్క యాడికి పోయింది, ఇందాక ఎర్ర కార్లో పోతా ఉన్నది ఆమేనా అని అడిగినాడు. మామ ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది. గరిట కింద పెట్టి, డ్రైవరుకి బెంచీ చూపించి, తను ఎదురుగా కూచున్నాడు.

"ఆమే. పంపించింది ఎవరనుకున్నావు, నేనే. అబ్రార్ నన్నే రమ్మని కాళ్ళా వేళ్ళా పడినాడు. నేను వద్దన్నా. అల్లుడూ, నేను ఎక్కితే ఆ బండి నా మాట తప్ప నీ మాట వినదు, బక్కగా ఉండే మనిషిని ఎవరినన్నా ఎక్కించుకో అన్నా. తేలిక బండి శాస్త్రం అట్లాంటిది. అది తెలియాలంటే ఒకసారి ఘాటులో నాకు జరిగింది చెప్పాల. ఆ రోజు ఏమైందో తెలుసా?"

వెనక పొయ్యి మీద చుయ్యిమని చప్పుడు వచ్చింది. శ్రీను తల తిప్పి చూసినాడు.

"తెలుసు మామా. ముందు లేచి ఆ గిన్నె చూడు, అది కూడా తేలికైపోతా ఉంది."