రేపటి జనం

ఊరు ఇటే పెరుగుతుందని నమ్మి కట్టిన షాపింగ్ మాల్. మూడో అంతస్తులో ఇంకా దీపం వెలిగే కొట్టు ఒక్కటే, బట్టలు సరిచేసే కొట్టు. మిషను ముందు వదిన, ఎదురుగా ఆ మాల్‌కు మేనేజరైన మరిది, ఓ మూల బట్టలు మార్చుకునే తెర.

“అందుకే చెబుతున్నా వదినా, ఖాళీ సంచి మోసేవాళ్లను ఆవిడ దూరం నుంచే పట్టేస్తుంది. లోపల ఏదో ఒకటి కుక్కాలి. నీ దగ్గర పాత గుడ్డముక్కలుంటాయిగా.”

“ఆగు ఆగు. సంచులేంటి, కుక్కడమేంటి? కూర్చుని మొదట్నుంచి చెప్పు.”

“కూర్చునే తీరిక లేదు. ఈ చెప్పులేంటి, దారికి అడ్డంగా?”

“జరపకు. అక్కడే ఉండనీ.”

“లోపలెవరైనా ఉన్నారా?”

“నీ మాల్‌లో మూడో అంతస్తు దాకా వచ్చే మొనగాళ్లెవరున్నారు? ఈగలు తోలుకుందామన్నా ఈగలు రావాలిగా.”

“వేళాకోళం తర్వాత. రేపు మాల్ కొనేవాళ్లు వస్తున్నారు.”

“కొనేవాళ్లా? ఈ మాల్‌నా?”

“నెమ్మది వదినా. ఇంకా ఎవరికీ తెలియదు. గోడలకు చెవులుంటాయి.”

“మీరు కట్టినవి అట్టగోడలు. పక్క కొట్టాయన నిట్టూరిస్తే ఇక్కడ దారం కదిలేది. ఆయన ఖాళీ చేశాక ఆ చప్పుడూ లేదు. ఊఁ, చెప్పు.”

“ఓ పెద్దావిడ. వేరే ఊళ్లలో ఇలాంటివి నాలుగైదు ఉన్నాయిట. నేను చూడలేదు, వాళ్ల అల్లుడితోనే ఫోన్లో మాటలు. ఆవిడ మనం చూపించే లెక్కలేవీ నమ్మదుట. ఎస్కలేటర్ కింద కుర్చీ వేయించుకుని, దిగేవాళ్ల చేతులు చూస్తుందట.”

“చేతులెందుకు?”

“చల్లగా ఉంటుందని వచ్చినవాళ్లు చేతులూపుకుంటూ దిగుతారు. కొన్నవాళ్లు సంచితో దిగుతారు. అదీ ఆవిడ లెక్క.”

“తెలివైనదే.”

“నా పాలిట శని. అందుకే రెండు బస్సుల జనాన్ని మాట్లాడాను. పైకొస్తారు, నీ దగ్గర సంచులు తీసుకుంటారు, ఇద్దరూ ముగ్గురూ కబుర్లు చెప్పుకుంటూ దిగుతారు. వెనక మెట్ల మీంచి మళ్లీ పైకి.”

“గుడుగుడు గుంచం ఆటలా.”

“ఎలాగైనా అనుకో. ఆవిడ కొట్లవాళ్లతో మాట్లాడతానంటే నీ దగ్గరికే తీసుకొస్తా. బేరాలు బాగున్నాయి, చేతినిండా పని అను. అంతే.”

“నేనే దొరికానా?”

“మిగతావాళ్లు నామీద పళ్లు నూరుతున్నారు. నువ్వు ఇంటి మనిషివి. ఒక్క నిమిషం, ఫోను... ఆ, చెప్పండి. కాదండీ, పెళ్లికి వచ్చినట్టు రావద్దు. ఇంట్లో కట్టుకునే బట్టల్లో రమ్మనండి... చంటిపిల్లలా? ఉంటే మరీ మంచిది... పోయినసారి వచ్చినవాళ్లేనా? పర్వాలేదు, వాళ్లకు పని తెలుసు. సరే, ఉంటా. ఆ, ఏమంటున్నాను?”

“పోయినసారి అంటున్నావు.”

“ఏ పోయినసారి?”

“ఫోన్లో అన్నావు. పోయినసారి వచ్చినవాళ్లని.”

“అదా. ఏదో మాటవరసకి. పెద్దావిడ గురించి కదూ చెబుతున్నాను. లిఫ్టు కూడా ఇవాళ పొద్దున్నే బాగుచేయించాను. ఒక కాలు రవ్వంత పొట్టిట, ఎస్కలేటర్ ఎక్కలేదు పాపం.”

“ఒక కాలు పొట్టిదా?”

“ఆ. అయితే ఏంటి?”

“ఏం లేదు.”

“మరి ఆ చెప్పులకేసి చూస్తావేంటి?”

“అరిగాయేమోనని. నీ మాట సరిగ్గా వినబడటం లేదు అబ్బాయ్. కాస్త గట్టిగా చెప్పు.”

“మిషను ఆపేశావుగా.”

“చెవుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. పోయినసారి అంటే ఎప్పుడు?”

“ఇప్పుడవన్నీ ఎందుకు వదినా?”

“మీ అన్నయ్యా నేనూ కొట్టు చూసుకోవడానికి వచ్చిన రోజు ఇక్కడ ఇసకేస్తే రాలనంత జనం. చంకలో చంటిపిల్ల, రెండు చేతులకూ సంచులు, ఒకామె నాకు తగిలి ఏమనుకోకండి అంటూ నవ్వింది. ఆమెను చూసే మీ అన్నయ్య, ఇంత జనం ఉంటే ఇంకా ఆలోచనేంటి అన్నాడు. మర్నాడే బజారులో కొట్టు వదిలేశాం. మా అత్తగారి నాటి కొట్టు. ఆమె మళ్లీ వస్తుందేమో, ఆ పిల్లకు గౌను కుట్టిద్దామని నేను రోజూ చూస్తూనే ఉన్నాను. రాలేదు. ఇంకో ఊరు వెళ్లిపోయారేమో అనుకున్నాను.”

“వదినా...”

“ఆ రోజు జనం ఎవరు?”

“మొదట్లో ఏ మాల్‌లోనైనా అంతే. జనాన్ని చూసి జనం వస్తారు. పొయ్యి రాజుకోవడానికి కాస్త కిరసనాయిలు పోసినట్టు.”

“అడిగింది అది కాదు. ఆ రోజు జనం ఎవరు?”

“...బస్సుల్లో వచ్చినవాళ్లే.”

“మీ అన్నయ్యకు తెలుసా?”

“ఎలా తెలుస్తుంది? వదినా, ఆయనకు చెప్పకు. ఆయన మంచికే అనుకున్నాను, ఒట్టు. ఎదురుగా ఇళ్లు లేస్తాయన్నారు. లేచాయి. అన్నీ అమ్ముడుపోయాయి కూడా. కొన్నవాళ్లు కాపురానికి వస్తేగా? తాళాలేసుకుని ధర పెరిగేదాకా కూర్చున్నారు. నేనూ అక్కడే కొన్నానుగా. చీకటి పడితే ఆ భవంతి మొత్తానికి దీపం మా కిటికీలో ఒక్కటే. కింద దాకా దిగాలంటే నీ తోడికోడలు హడలిపోతోంది. నేను మునగలేదా?”

“మునిగావు. కానీ నువ్వు తెలిసి దూకావు, మమ్మల్ని తోశావు.”

“తప్పే. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను. రేపొక్కరోజు గట్టెక్కించు. ఇది అమ్ముడుపోకపోతే నెలాఖరుకి మాల్ మూసేస్తారు. నువ్వూ నేనూ అందరం రోడ్డున పడతాం. అమ్ముడుపోతే కింద గుమ్మం పక్కన మూలకొట్టు ఉందే, అది నీకే ఇప్పిస్తా. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ నీ ముందునుంచే నడవాలి.”

“మూలకొట్టా?”

“పెద్ద అద్దాలు, రెండు వైపులా వెలుతురు. పగలు దీపం వేసే పనే లేదు. నువ్వు ఎన్నోసార్లు దాని ముందు ఆగి చూడటం నాకు తెలియదా?”

“చూశాను. అబద్ధమెందుకు, ఇప్పుడు కూడా మనసు లాగుతోంది.”

“మరింకేం?”

“ఆవిడకు ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తే? జనం లేరు, ఎదురిళ్లలో కాపురాలు మొదలైతే వస్తారు, అందాకా అద్దెలు తగ్గించి నిలబెట్టండి అని. వ్యాపారం తెలిసిన మనిషి కదా.”

“భలేదానివే. గుర్రం కుంటిదని అమ్మేవాడే చెబుతాడా?”

“మెల్లగా మాట్లాడు.”

“ఇందాక గట్టిగా అన్నావు.”

“అన్నాను. తప్పయిపోయింది.”

“ఏంటి వదినా, ఇవాళ అదోలా ఉన్నావు? చెమటలు పోస్తున్నాయి నీకు.”

“నీకోసమే. ఇంకొక్కసారి అడుగుతాను, ఆలోచించి చెప్పు. ఆవిడ ఇప్పుడు నీకు ఎదురైతే, ఇదిగో, ఈ క్షణాన ఎదురైతే, నిజం చెబుతావా?”

“ఎదురైతే కుర్చీ తుడిచి కూర్చోబెట్టి సంచులు చూపిస్తాను.”

“నవ్వులాట కాదు.”

“నేనూ నవ్వడం లేదు. సంతకం పడితే చాలు, తర్వాత ఆవిడ తంటాలు ఆవిడ పడుతుంది. మనకేం?”

“మా తంటాలు మేం పడుతున్నట్టు.”

“అలా అనకు వదినా.”

“మరెలా అనను? పైకి రాకుండా నువ్వు చేతులు దులుపుకుంటే రోజూ ఈ షట్టరు ఎత్తింది నేను. ఒక్క మనిషి రాకపోయినా దీపం వేసి కూర్చుంది నేను. మీ తమ్ముడు ఉన్నాడులే, చూసుకుంటాడులే అని మీ అన్నయ్యకు సర్దిచెప్పిందీ నేనే.”

“ఇంటికెళ్లాక తిట్టు, పడతాను. ముందు రేపటి సంగతి చెప్పు. సంచులు సిద్ధం చేస్తావా, చేయవా?”

“చేయను.”

“వదినా.”

“మూలకొట్టు ఇంకెవరికైనా ఇచ్చుకో. నాకు తగిలిన ఆ చంటిపిల్ల తల్లి రేపు ఇంకొకరికి తగలడం నేను చూడలేను.”

“సరే. నువ్వు చేయకపోతే ఇంకొకరు చేస్తారు. ఈ మాట మాత్రం మనిద్దరి మధ్యే ఉండనీ. కనీసం అదైనా చెయ్యి.”

“ఆ పని కూడా నా చేతిలో లేదు అబ్బాయ్.”

“అంటే?”

“అమ్మా, చాలాసేపు నిలబెట్టేశాను మిమ్మల్ని. పైజామా కాళ్లు రెండూ నేలకు సమంగా వచ్చాయా?”

“ఎవరితో వదినా? ఆ తెర వెనక ఎవరు?”

“సమంగానే వచ్చాయమ్మాయ్. నా చెప్పులు ఇటందించు. బాబూ, రేపు ఎస్కలేటర్ కింద నాకు కుర్చీ వేయించకు.”