ఏ పచ్చ?

పోలీసు చర్య ముగిసిన కొత్తలో, సికింద్రాబాదు చిలకలగూడలో ఒక ఖాళీ అద్దె ఇల్లు. వచ్చే నెల పెళ్లాడబోయే ఇద్దరు తలుపులకీ గోడలకీ రంగులు ఎంచుతున్నారు: గుంటూరు నుంచి వచ్చిన డ్రాయింగ్ టీచరు డోరా, ఈ ఊరి రైల్వే గుమాస్తా లూకా. లూకా తల్లి రోసమ్మ వరండాలో కాపలా కూర్చుంది. ఆవిడ నిద్రపోతోందని ఇద్దరికీ తెలుసు.

“రంగుల చక్రం తలకిందులుగా పట్టుకున్నారు లూకా గారూ.”

“గుండ్రంగున్నదానికి తలేంది, కిందేంది, టీచరమ్మా?”

“ఎరుపు పైన ఉండాలి. మా బళ్లో పిల్లలకి అలాగే నేర్పుతాను. చూడండి, ఎరుపు, పసుపు, నీలం, ఈ మూడూ అసలు రంగులు. రెండేసి కలిపితే మధ్యలో ఇంకో మూడు పుడతాయి. పక్కపక్కన ఉన్నవి పేచీ లేకుండా కలిసిపోతాయి. ఎదురెదురుగా ఉన్నవి ఒకదాన్నొకటి వెలిగిస్తాయి.”

“మన లెక్క.”

“ఏమిటి మన లెక్క?”

“ఎదురెదురు. మీది గుంటూరు, నాది చిలకలగూడ.”

“మాటలు తర్వాత. రంగులేసే బ్రహ్మచారి డబ్బాలు వేసుకుని వచ్చేస్తాడు. తలుపులకి పచ్చ అనుకున్నాం కదా, దానికి ఎదురు రంగు గడపకి. ఏదో మీరే వేలు పెట్టి చూపించండి.”

“మీరుండంగ నేనెందుకు?”

“ఉండేది ఇద్దరం. అయినా నా కాప్రా చెరువు బొమ్మ ముందు గంటసేపు నిలబడ్డ మనిషి, ఇంత చిన్నదానికి జంకితే ఎలా?”

“జెర ఈ గడులల్ల పేర్లు రాసియ్యరాదుండ్రి?”

“రంగుకి పేరెందుకండీ, కనిపిస్తూనే ఉందిగా!”

“రాస్తే మంచిగుంటది.”

“రాయను. చూపించండి.”

“ఇగో. ఇది.”

“అది పచ్చే! పచ్చకి ఎదురు పచ్చా?”

“ఆఁ, గదే. మా దిక్కు పచ్చంటే పసుపు. మీ దిక్కు పచ్చంటే ఆకు రంగు. మీ గుంటూరోళ్లతోని పెద్ద పరేషాన్.”

“పసుపుకి ఎదురు ఊదా. మీరు పెట్టిన వేలు ఏ ఊరి పచ్చకీ కుదరదు.”

“వేలు జారింది.”

“జెండాకీ ఈ పచ్చ సాకే చెప్పారు.”

“గా ముచ్చట మళ్ల షురూ చెయ్యకుండ్రి.”

“చేస్తాను. మిలిటరీ వచ్చిన రోజు వీధంతా మూడు రంగుల జెండాలు కడితే, మీ జెండాకి కింద పట్టీ పసుపు! నైజాం జెండా రంగు! సిపాయి లారీ ఆపి దిగాడట.”

“దిగిండు. నవ్విండు. అమ్మ ఇచ్చిన చాయ్ సుత తాగి పోయిండు. పచ్చ గుడ్డ ఇయ్యమంటే దుకాణపాయన పసుపుది చింపిండు. నాదా తప్పు?”

“ఇంటికి తెచ్చి, కుట్టి, కర్రకి కట్టేదాకా చూసుకోలేదా?”

“తొందరల కట్టిన.”

“సరే. నా చీర ఏం రంగు?”

“మీకు మస్తుగున్నది.”

“రంగు అడిగాను.”

“అంచు సుత మంచిగ…”

“లూకా గారూ.”

“ఎరుపు.”

“ఆకుపచ్చ.”

“అదే, మా దిక్కు పచ్చంటే…”

“మీ దిక్కు పచ్చంటే ఎరుపు కాదు కదా!”

“అమ్మా! ఓ అమ్మా! చాయ్ పెడుతవా?”

“పొయ్యే లేదు ఈ ఇంట్లో. ఆవిణ్ణి లేపకండి. నా మొహం చూసి చెప్పండి. రంగులు కనబడవా మీకు?”

“కనవడుతయి! నీలం కనవడుతది. ఎరుపు, ఆకుపచ్చ మాత్రం రెండు ఒక్క తీరుగుంటయి, ఒక్కోపారి పసుపు సుత. చిన్నప్పటి సంది గంతే. జామకాయ పండిందా లేదా ఒత్తి చూస్త. గార్డు నౌకరీకి పోతే, డాక్టరు ఉన్ని దారాలు ముందలేసి ఎర్రయి ఏరుమన్నడు. ఏరిన. ఇంటికి పొమ్మన్నడు. గందుకే గుమాస్తా అయిన.”

“నాకు ముందే ఎందుకు చెప్పలేదు?”

“డ్రాయింగ్ టీచరుకా? చెప్తే చేసుకుంటరా? ఈ చక్రం రెండు దినాల సంది బట్టీ పడుతున్న. మీరేమో ఎరుపు పైకి తిప్పిన్రు, అంత గడబిడైంది.”

“బ్రహ్మచారి సైకిలు బెల్లు కొడుతున్నాడు.”

“కొట్టనీ. వద్దంటే ఇప్పుడే చెప్పుండ్రి. రంగులు ఏసినంక చెప్పకుండ్రి.”

“నేనీ పెళ్లికి ఎందుకు ఒప్పుకున్నానో తెలుసా మీకు?”

“తెల్వది. అడుగనీకి భయమైంది.”

“ఆ బొమ్మ వల్ల! బళ్లో ప్రదర్శనకి వచ్చినవాళ్లంతా బాగుంది బాగుంది అంటూ దాటిపోయారు. మీరొక్కరే కదల్లేదు. నా రంగులు అర్థం చేసుకున్న మనిషి దొరికాడు నాన్నా అని మా నాన్నతో చెప్పాను. పచ్చటి నీళ్లలో ఎర్రటి పొద్దు! ఆ రెండూ కుదరక ఎంత ఏడ్చానో! మీకదంతా ఒకటేనా?”

“ఒక్కటే. బురద తీరుగుండె.”

“బురదా!”

“అబద్ధం చెప్పమంటరా?”

“వద్దు. చెప్పినవి చాలు. మరి ఆ బురద ముందు గంటసేపు ఏం చేశారండీ? ఏం చూశారు?”

“కోపం చెయ్యరు గద?”

“ఇప్పటికే వచ్చింది. చెప్పండి.”

“బొమ్మకు అద్దం బిగించి ఉండె గద. మీరు నా ఎనుక, కిటికీ కాడ నిలవడి పిల్లలతోని నవ్వుతున్నరు. తిరిగి చూస్తే బాగుండదని… అద్దంల చూస్తున్న.”