కంటి చుక్కలు

ఆసుపత్రి అత్యవసర విభాగంలో పరదాలు కట్టిన మంచం. దాని మీద ఊపిరాడక ముందుకు వంగి కూచున్న పెద్దావిడ, పక్కన ఆవిడ కూతురు, మాస్కు సర్దుతున్న నర్సు.

"ఏమీ వాడదు సిస్టర్! ఉబ్బసానికి పీల్చే మందు ఒక్కటే. ఎన్నిసార్లడుగుతారు?"

"మిమ్మల్ని కాదమ్మా, ఆవిణ్ణి అడుగుతున్నాను. పెద్దమ్మా, బీపీకి ఏమైనా?"

"లే... లేదు."

"గుండెకి? దడకి? చేతులు వణుకుతున్నాయని ఎవరైనా ఇచ్చినవి?"

"ఏ మాత్రా... మింగను నర్సమ్మా. కూతురు... చెప్తోందిగా."

"పొద్దున శుభ్రంగా ఉంది సిస్టర్. పాపకి స్నానం చేయించింది, నాకు డబ్బా కట్టింది. మధ్యాహ్నం పక్కింటావిడ ఆఫీసుకి ఫోన్ చేసింది, మీ అమ్మ ఎగశ్వాసతో ఉందని. ఇందాక మీరు పట్టిన ఆవిరి మందుకి ఎప్పుడూ ఇట్టే తగ్గిపోయేది. ఇవాళేమైంది?"

"అదే చూస్తున్నాను. మీరు కౌంటరు దగ్గరికెళ్ళి చీటీ రాయించుకు రండి."

"అమ్మా, ఇప్పుడే వస్తాను. కంగారు పడకు."

"పడేది... నువ్వు. వెళ్ళు."

"వెళ్ళిందిగా. ఇప్పుడు చెప్పండి పెద్దమ్మా."

"ఏం చెప్పను?"

"అమ్మాయి ముందు చెప్పలేనిది."

"అయ్యో... ఈ వయసులో... దాపరికాలేం ఉంటాయి తల్లీ?"

"ఈ వయసులోనే ఉంటాయి. చెయ్యి ఇటివ్వండి... ఊఁ. యాభై దాటట్లేదు."

"ఏమిటది?"

"మీ నాడి. ఊపిరాడనివాళ్ళ గుండె ఉరకాలి. అదీగాక, నేను పట్టిన మందుకి ఎవరికైనా దడ పుడుతుంది. మీ గుండె మాత్రం షికారుకి బయల్దేరినట్టు నడుస్తోంది."

"మంచిదేగా... నిమ్మళంగా..."

"మంచిది కాదు. మన చెప్పుచేతల్లో లేని నరాలు కొన్ని ఉంటాయి. ఆపదొస్తే అవే గుండెని ఉరికిస్తాయి, ఊపిరి గొట్టాల్ని తెరుస్తాయి. మీ ఒంట్లో ఏదో మందు వాటి నోరు నొక్కేసింది. నేను బయట్నుంచి తలుపు తోస్తున్నాను, లోపల గడియ పడి ఉంది. వేసిందెవరో మీకు తెలుసు."

"నాకేం... తెలుసు. దాహంగా ఉంది."

"నీళ్ళు మీ పక్కనే ఉన్నాయి, గ్లాసులో. అటు కాదు, ఇటు. ఇంకా ఇటు... అయ్యయ్యో!"

"పడిందా?"

"పోనివ్వండి. ఆయా! ఓ ఆయా! ఇక్కడ నీళ్ళొలికాయి, తుడవాలి!"

"గ్లాసు... అంత అంచున పెడతారా ఎవరైనా?"

"అంచున లేదు పెద్దమ్మా, మీ మోచేతి పక్కనే ఉంది. కనబడలేదా?"

"మాస్కు... అడ్డొచ్చింది."

"మాస్కు ముక్కు మీదుంది, కంటి మీద లేదు. ఇలా తిరగండి. కళ్ళేమిటి ఇంత ఎర్రగా ఉన్నాయి?"

"భయమేసి... ఏడ్చాను."

"చుక్కలు వేస్తున్నారా?"

"ఏం చుక్కలు?"

"పెద్దమ్మా! కంట్లో చుక్కలు వేస్తున్నారా లేదా?"

"అది... మందెలా అవుతుంది? మింగేదా... సూది పొడిచేదా?"

"కంట్లో వేసింది కంట్లోనే కూచోదు. ముక్కులోకి జారి నెత్తుట్లో కలుస్తుంది. ఏ మందు? పేరు చెప్పండి."

"పేరా... పేరు నాకు..."

"ఆఁ, ఇలా రండి. చూసుకుని, నేల తడిగా ఉంది. ఆ పక్కన నిలబడి కాస్త వీపు నిమరండి. అలా, మెల్లిగా. పెద్దమ్మా, పేరు!"

"చెప్తాను. మా అమ్మాయి... వచ్చేలోపు చెప్పేస్తాను."

"మీ అమ్మాయి వచ్చేలోపా?"

"ఊఁ. దానికి తెలియకూడదు."

"ఒక్క నిమిషం పెద్దమ్మా, మీ అమ్మాయి..."

"నన్ను చెప్పనివ్వండి... ఊపిరుండగానే. చేతిసంచిలో... కళ్ళజోడు పెట్టెలో ఉంది సీసా. నాది కాదు. మా మేడ మీదావిడది. ఆవిడకీ ఇలాగే... పక్కలు మసకలు. డాక్టరు చూసి రాశాడు. ఇద్దరిదీ ఒకటే జబ్బని... ఓ సీసా నాకిచ్చింది."

"ఆవిడకి ఉబ్బసం ఉందా?"

"ఆవిడకేం... గుండ్రాయిలా ఉంటుంది."

"ఇదిగో, దొరికింది... ఓరి దేవుడా. ఎన్నిసార్లు వేశారు?"

"రెండు పూటలా అంది. తేడా ఏం కనపడలా. అందుకని నిన్నట్నుంచి... గుర్తొచ్చినప్పుడల్లా."

"గుర్తొచ్చినప్పుడల్లానా!"

"చూపు తొందరగా రావద్దూ?"

"మాట్లాడకండి, ఊపిరి దాచుకోండి. హలో, డాక్టరుగారూ, ఉబ్బసం పెద్దావిడ గురించి. కంట్లో టిమోలాల్ చుక్కలు వేసుకుంటోందండీ. వేరేవాళ్ళవి. నిన్నట్నుంచి లెక్కాపత్రం లేకుండా... అవునండీ, అందుకే నాడి లేవట్లేదు, అందుకే ఆవిరి పట్టినా లాభం లేదు... సరే, ఇప్రాట్రోపియం కలుపుతాను. నాడి ఇంకా పడితే? అట్రోపిన్ సూదిలోకి తీసి పెడతాను. మీరు మాత్రం త్వరగా రండి."

"నర్సమ్మా... పోతానా?"

"నా డ్యూటీలో పోవడానికి వీల్లేదు, రాతకోతలు బోలెడు. ఇది పీల్చండి. గడియ పడ్డ తలుపు జోలికి పోదు ఇది. గొట్టాల్ని బిగించే నరాలు వేరే ఉన్నాయి, వాటి పట్టు వదిలిస్తుంది. నెమ్మదిగా లోపలికి... ఆఁ... వదలండి. మళ్ళీ."

"చేదుగా ఉంది."

"ఉండనీ. మళ్ళీ. వీపు మీద చెయ్యి తియ్యకండి మీరు. పెద్దమ్మా, ఇంకోసారి... ఇంకొక్కటి..."

"కాస్త... కాస్త దారిచ్చింది."

"తెలుస్తోంది. కూత తగ్గింది. నాడీ లేస్తోంది. అమ్మయ్య!"

"ఇంక ఆ సీసా మీరే పారేయండి తల్లీ. ఉబ్బసం ముదిరిందని చెప్పండి దానికి. అంతకన్నా వద్దు."

"కంటి డాక్టరుకి చూపించాలి పెద్దమ్మా. ఇది నీటికాసుల జబ్బే అయితే, పోయిన పక్కచూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళకి వేరే చుక్కలున్నాయి."

"తిరిగి... రాదా?"

"రాదు."

"వచ్చే సోమవారం నుంచి పాపకి బడి. తీసుకెళ్ళేది నేను. రోడ్డు దాటించి."

"మీరా?"

"ఇంకెవరున్నారు? మొన్న సైకిలు పక్కనుంచి వచ్చింది, నేను చూళ్ళేదు. పాప మోకాలు చెక్కుకుపోయింది. పరిగెత్తి పడిందని చెప్పాను అమ్మాయికి. పాపతో కూడా అదే చెప్పించాను."

"పెద్దమ్మా, ఇంక చాలు..."

"చాలంటే ఎలా? తెలిసిందంటే పాపని నా చేతికివ్వదు. పాప లేకపోతే ఆ ఇంట్లో నాకేం పని? కుర్చీలో కూచోబెట్టి వేళకి అన్నం పెడుతుంది. బంగారంలా చూసుకుంటుంది. అదే నా భయం. చెప్పనని మాటివ్వండి."

"నేను చెప్పను. ఆ మాట మాత్రం ఇవ్వగలను."

"చల్లగా ఉండు తల్లీ."

"ఇప్పుడు నా ముక్కుకేసి చూడండి. ముక్కుకేసే. తల కదపకండి. మన దగ్గర ఎవరెవరున్నారు?"

"ఏం, పరీక్షా? మీరూ నేనూ. ఆ, ఇదిగో, వీపు నిమురుతున్న ఈ ఆయమ్మ. ఎంత ఓపికో పాపం, ఇందాకట్నుంచి పెదవి విప్పలేదు. మా అమ్మాయికి నా దగ్గర ఇంతసేపు నిలబడే తీరికెక్కడిదీ... అదేమిటి, ఆపేశావేం? చెయ్యి నొప్పెట్టిందా అమ్మా?"

"ఆయా ఇంతవరకూ రానే లేదు పెద్దమ్మా."