గచ్చు నేల

నేల గచ్చుదని మా ఉచిత వైద్యం కార్డు తీసేస్తారా, వార్సితోగారూ? వింటే ఎవరైనా నవ్విపోతారు!

ఆ గచ్చు నేను పోయించుకున్నానా? మీ పంచాయతీ ఆఫీసువాళ్లే కదూ వచ్చి పోసింది! పోయిన ప్రభుత్వంలో ‘ఇంటింటికీ గచ్చు’ అంటూ ఊరేగుతూ వచ్చారు. మట్టినేల మీద మా ఆయన్ని నిలబెట్టి ఓ ఫొటో, గచ్చు మీద నిలబెట్టి ఓ ఫొటో. ఇప్పుడొచ్చిన వీళ్లేమో గచ్చున్నవాళ్లు పేదలు కారంటున్నారట. ఒకళ్లు పోయడం, అది చూసి ఇంకొకళ్లు లాక్కోవడం. ఛీ!

అంతకు ముందువాళ్లు మరీ ఘనులు. మా వీధిగోడ మీద ఎర్రరంగుతో ఇంతింత అక్షరాలు రాశారు, ‘పేద కుటుంబం’ అని. ఆ రాత ఉంటేనే బియ్యం. మా అమ్మాయి విదార్తి బడి స్నేహితురాళ్లని ఇంటికి తెచ్చేదే కాదు పాపం. గచ్చువాళ్లు వస్తూనే దాని మీద సున్నం కొట్టించి, పేదరికం పోయిందన్నారు. సున్నంతో పోయేదైతే నేనే కొట్టుకోనా?

ఏంటి, మెల్లగా మాట్లాడాలా? ఎలా మాట్లాడను? మా ఆయనకి రెండు కిడ్నీలూ పోయాయని మీకు తెలీదూ? వారానికి రెండుసార్లు పట్నంలో రక్తం శుభ్రం చేయించాలి. నిన్న కార్డు చెల్లదని వెనక్కి పంపేశారు. పొద్దున్నుంచీ కాళ్లు వాచిపోయి చెప్పులు పట్టడం లేదు.

ఆ కాగితం ఏంటి? చదవండి, అంత చిన్న అక్షరాలు నాకు ఆనవు.

నేల కాదా? మరి? సర్వేలో నేను చెప్పిన జవాబులా?

...కాస్త ఆ తలుపు దగ్గరికి వెయ్యండి.

ఆ సర్వే పిల్ల వచ్చినప్పుడు మా విదార్తి అత్తగారు కూర్చునుందయ్యా. ఆవిడ ముందు ‘వారానికెన్నిసార్లు మాంసం వండుతారు?’ అని అడిగిందా పిల్ల. పొయ్యి మీదేమో కర్రపెండలం పిండి ఉడుకుతోంది. ‘దేవుడి దయ, అన్నీ సరిపడా ఉన్నాయి’ అన్నాను. మన జావాలో ఇంటికొచ్చినవాళ్ల ముందు లేదని ఎవరంటారు, మీరంటారా? వైద్యానికి సాయం కావాలా అంటే, ‘మాకక్కర్లేదమ్మా, లేనివాళ్లకివ్వండి’ అనేశాను. వియ్యపురాలు మెచ్చుకుంటూ తలూపింది. నాకెంత గొప్పగా అనిపించిందో!

దిద్దడానికి ఎన్నాళ్లు? మూడు నెలలా? ఆయనకి మూడు రోజులే కష్టమయ్యా.

సరే, పెట్టండి అర్జీ. ఇక్కడేనా వేలిముద్ర?

ఒక్క మాట. ఆయన బయట బెంచీ మీద కూర్చున్నారు. కార్డెందుకు పోయిందని అడిగితే, ప్రభుత్వం మారింది కదా, అందుకే అని చెప్పండి. రోజూ అందరికీ చెప్పేదేగా, మీకు కొత్తేం కాదు.