మెట్ల మీద బీరువా

అయ్యగారు గొంతు సవరించుకున్నారంటే ఆయన భార్య గుండెలో రాయి పడుతుంది. సువార్త పని మీద ఈ పరాయి దేశానికి వచ్చిన మూడేళ్ళలో ఆయన కోతలు వినీ వినీ ఆవిడ చెవులు గట్టిపడ్డాయి. మామూలు రోజైతే పోనీలే అని ఊరుకునేది. ఆ సాయంత్రం మాత్రం వరండాలో టీ తాగుతూ కూర్చున్నది స్వదేశం నుంచి సంఘం పంపిన పెద్దలు. ఒకాయన సంఘపెద్ద, రిటైరైన హెడ్మాస్టరు. రెండో ఆయన కార్యదర్శి, నవ్వడానికి ఎప్పుడు సందు దొరుకుతుందా అని చూసే మనిషి. ఇక్కడి పని సాగనివ్వాలా, లేక ఆపేసి ఇద్దర్నీ వెనక్కి పిలిపించాలా అన్నది ఆ హెడ్మాస్టరు పెద్దాయన చేతిలో ఉంది. ఆయనకి అబద్ధమంటే ఒళ్ళుమంట. పోయినేడు ఇంకో ఊళ్ళో పనిచేసే అయ్యగారు లేని జనాన్ని ఉన్నట్టు చెబితే వారం తిరక్కుండా పెట్టె సర్దించారు. సర్దించే ముందు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారని ఆ ఇంటావిడ ఫోన్లో ఏడుస్తూ చెప్పింది.

అయ్యగారి భార్యకి ఇక్కణ్ణుంచి వెళ్ళాలని లేదు. వచ్చిన కొత్తలో రొట్టెల కొట్టువాడితో రొట్టె కావాలని చెప్పలేక ఇంటికొచ్చి ఏడ్చిన మనిషే. ఇప్పుడు పొద్దున్నే పక్కింటి ముసలమ్మ వంటింటి గోడ మీద గరిటెతో టకటకా కొడితే, ఇవతల్నుంచి తనూ కొట్టి, ఆ తర్వాతే పొయ్యి వెలిగిస్తుంది. గిన్నె చూపించి, ఉప్పు చూపించి, ఇక్కడి భాష నేర్పింది ఆ ముసలమ్మే. ఇంకెక్కడికో పంపిస్తే ఇవన్నీ మళ్ళీ మొదట్నుంచి ఎవరితో మొదలుపెట్టాలి? ముసలమ్మ ఇప్పుడు కూడా వరండా చివర పీట వేసుకుని బఠాణీలు ఒలుస్తోంది, ఈ తెలుగు గోలతో నాకేం పని అన్నట్టు.

ఆ పొద్దున ప్రార్థనకి వచ్చింది ఏడుగురు. పెద్దాయన చూశారు, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే అయ్యగారిని కుదురుగా కూర్చోనివ్వలేదు.

"ఏదో, ఇరుగుపొరుగుకి నా చేతనైన సాయం చేస్తుంటానండీ," అని చాలా వినయంగా మొదలుపెట్టారు. "మేం వచ్చిన కొత్తలో, అదిగో ఆ ముసలమ్మగారు మూడో అంతస్తులో ఉండేవారు. వాళ్ళాయనకి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేకపోతున్నారని కింద వాటాలోకి మారారు. ఇనప బీరువా ఒకటి దించాల్సొచ్చింది. నేనూ ఒక చెయ్యి వేశాను."

"మంచి పని చేశారు," అన్నారు పెద్దాయన.

అక్కడితో ఆపి ఉంటే ఎంత బావుండేది! మెచ్చుకోలు చెవిన పడితే అయ్యగారు ఆగుతారా?

"ఒక చెయ్యి అన్నానా, నిజం చెప్పాలంటే అవతల పట్టుకున్నాయన మొదటి మలుపులోనే వదిలేశాడండీ, పాపం బక్కప్రాణి, ఆయన్ని అనకూడదు, ఇక మిగిలింది నేనొక్కణ్ణి, ఏం చేస్తాను, వీపున వేసుకున్నాను, ఖాళీ బీరువా అనుకునేరు, బట్టలూ దుప్పట్లూ గిన్నెలూ అన్నీ లోపలే ఉన్నాయి, పైగా ఆ మోకాళ్ళ నొప్పుల మనిషిని మళ్ళీ వేరేగా ఎవరు దింపుతారని ఆయన్నీ దానిమీదే కూర్చోబెట్టాను."

"మనిషినా?" అన్నాడు కార్యదర్శి.

"మనిషినే! పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. పేజీ తిప్పితే గాలి నా మెడకి తగిలింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో మలుపులో బీరువా ఇరుక్కుపోయింది. ముందుకి రాదు, వెనక్కి పోదు. ప్రభువా అనుకున్నాను, భుజం ఆనించాను, ఒక్క తోపు తోశాను. బీరువా కదల్లేదండీ. గోడ కదిలింది!"

"గోడే!"

"జానెడు! ఈ మేడ కట్టిన రోజు నుంచీ ఓ పక్కకి ఒరిగి ఉండేది. ఆ తోపుతో నిటారుగా నిలబడింది. కావాలంటే మీరే చూడండి, ఎక్కడైనా వంకర కనిపిస్తోందా?"

కార్యదర్శి నిజంగానే వరండా దిగి, తల వెనక్కి వంచి చూశాడు. మేడ నిటారుగానే ఉంది. ఇక దానికి ఎవరేమంటారు?

ఆవిడ గ్లాసులు తీసే నెపంతో వచ్చి భర్త కాలు తొక్కింది. ఆయన కాలు వెనక్కి తీసుకుని, కథ ముందుకి నడిపించారు.

"మర్నాడు పొద్దున్నే మునిసిపాలిటీ ఇంజినీరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. మా గడియారం స్తంభం కూడా ఒరిగింది, కాస్త చూసిపెట్టండి బాబూ అని ఒకటే బతిమాలాడు. ప్రార్థన అయ్యాక వస్తానన్నాను. వెళ్ళాను, ఎడం చేత్తో సరిచేశాను."

"ఎడం చేతేం?"

"కుడి చేతిలో బైబిలు ఉందిగా మరి! అప్పటిదాకా ఆలస్యంగా నడిచే గడియారం కూడా ఆ కుదుపుకి దార్లోకొచ్చింది. ఊరు ఊరంతా నిలబడి చూసింది. ఈ మనిషికి ఇంత బలం ఎవరిచ్చారని అడిగారు, నేను వేలు పైకి చూపించాను, అంతే! అందరూ ఏటి దారి పట్టారు. బాప్తిస్మం ఇస్తే గానీ ఇంటికి పోమన్నారు. కాదనగలనా? ఇస్తూనే ఉన్నాను, జనం వస్తూనే ఉన్నారు, వరుస తోక రైల్వే స్టేషన్లో ఉందట, రైళ్ళు ఆపేశారట. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంతమంది దిగేసరికి నీళ్ళు గట్టెక్కి వీధుల్లోకి వచ్చాయి. ఆఖరికి చూద్దును కదా, చేపలు కూడా వరుసలో నిలబడ్డాయండీ!"

"చేపలకి కూడా ఇచ్చారా?" కార్యదర్శికి ఊపిరాడ్డం లేదు.

"ఛ, ఛ! మీకు కుదరదమ్మా అని నచ్చజెప్పి పంపించేశాను. నియమం నియమమే కదా."

పెద్దాయన కళ్ళజోడు తీశారు. పైపంచె కొసతో మెల్లగా తుడవడం మొదలుపెట్టారు. ఆవిడ వెళ్ళి గుమ్మం పట్టుకుంది. అయిపోయింది, ఈయన నోరు కొంప ముంచేసింది అనుకుంది.

"మరి అంత జనం ఉంటే, అయ్యగారూ," అన్నారు పెద్దాయన, "పొద్దున ఏడుగురే కనిపించారేం?"

"మిగతావాళ్ళకి చోటు చాలదని నేనే..."

"ఏమండీ! ఇక చాలు కోతలు! పెద్దవాళ్ళ ముందు ఏంటా మాటలు?"

అందరూ గుమ్మం వైపు తిరిగారు. విసుగు అచ్చం అయ్యగారి భార్యదే, ఆ సాగదీత కూడా ఆవిడదే. కానీ ఆవిడ నోరు మెదపలేదు. నోరు మెదిపింది వరండా చివర బఠాణీలు ఒలిచే ముసలమ్మ.

"మీకు తెలుగు వచ్చా?" అన్నారు అయ్యగారు. అంత సన్నని గొంతు ఆయనకి ఉందని భార్యకి కూడా తెలియదు.

"గోడ పల్చన," అంది ముసలమ్మ. "రోజూ విన్నా. తడి తువ్వాలు మంచం మీద వెయ్యొద్దు. లైటు ఆర్పండి. కోతలు ఆపండి. అన్నీ వచ్చు నాకు."

అయ్యగారి భార్యకి సిగ్గుతో మొహం భగ్గుమంది. కార్యదర్శి వరండా స్తంభం పట్టుకుని నవ్వుతున్నాడు. పెద్దాయన మాత్రం కళ్ళజోడు చేతిలోనే పట్టుకుని ముసలమ్మ వైపు కుర్చీ తిప్పారు.

"అయితే ఆ బీరువా సంగతి ఏంటమ్మా?"

"బీరువా పైన. ఈయన కింద," అంది ముసలమ్మ. అంతటితో ఆమె తెలుగు అయిపోయింది. మిగతాది తన భాషలో చెప్పింది. అయ్యగారి భార్య ఒక్కొక్క మాటా తెలుగులోకి మార్చింది.

మొదటి మలుపులోనే అయ్యగారి కాలు జారిందట. బీరువాకీ గోడకీ మధ్య ఇరుక్కుపోయారు. బయటికి కనిపించింది ఒక్క పాదం. ముసలమ్మ కేకకి మంగలి చేతికి సబ్బు నురగతోనే వచ్చాడు. దర్జీ వచ్చాడు. పోస్టుమాన్ వచ్చాడు. పై అంతస్తులో ఒకరి మొహం ఒకరు చూసుకోని అక్కచెల్లెళ్ళిద్దరూ వచ్చి చెరో పక్కా పట్టుకున్నారు. మోకాళ్ళ నొప్పుల ముసలాయన పై మెట్టు మీద కూర్చుని ఇలా తిప్పండి, అలా తిప్పండి అని కేకలు. బీరువా వెనకాల నుంచి ఈయన గొంతు మాత్రం ఆగలేదు. వచ్చీరాని భాషలో, ఇంత బలమైన మనుషుల్ని నేనెక్కడా చూడలేదు, మీరు తలుచుకుంటే మేడనే పక్కకి జరుపుతారు అని ఒకటే పొగడ్త. నవ్వాపుకోలేక అందరూ పట్టు వదిలేసేవాళ్ళు. చీకటి పడే వేళకి గానీ ఆయన బయటపడలేదు.

"ఆ ఆదివారం కాలెలా ఉందో చూద్దామని వచ్చాం," అంది ముసలమ్మ. "కూర్చోమన్నాడు, ఏదో చదివాడు, ప్రార్థన చేశాడు. తర్వాతి ఆదివారమూ కాలు చూడ్డానికే వచ్చాం. కాలు ఎప్పుడో బాగుపడింది. మేం మాత్రం రావడం మానలేదు. మా మెట్ల మీద అంతకుముందు ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవాళ్ళం కాదు."

ఇదంతా అయ్యగారు తల వంచుకుని విన్నారు. తన వాక్యోపదేశానికి వస్తున్నారనుకున్న ఏడుగురూ తన కాలి కోసం వచ్చినవాళ్ళని ఆయనకి అప్పుడే తెలిసింది.

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకున్నారు. మొహంలో ఏమీ తెలియనివ్వకుండా అడిగారు: "ఇప్పుడు మేం వీళ్ళిద్దర్నీ తీసుకెళ్ళిపోతామంటే ఏమంటారు?"

ఆ మాట ముసలమ్మ భాషలోకి మార్చడానికి ఆవిడకి నోరు రాలేదు. అవసరం కూడా పడలేదు. ముసలమ్మ బఠాణీల గిన్నె కింద పెట్టి లేచి, వచ్చి ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆయన్ని తీసుకుపోండి," అంది తెలుగులోనే. "అమ్మాయిని ఇవ్వం."

పెద్దాయన నవ్వారు. రెండు రోజులుగా ఒక్కసారీ నవ్వని మనిషి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"ఒక్క ఈయన్ని తీసుకెళ్ళి మేమేం చేసుకుంటాం తల్లీ? ఇద్దర్నీ మీరే ఉంచుకోండి."

ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. ముసలమ్మ భుజం మీద తల పెట్టి, పెద్దలున్నారన్న ధ్యాస కూడా లేకుండా హాయిగా ఏడ్చేసింది.