విప్పని కట్టలు

మూతబడిన అచ్చాఫీసులో తాతయ్య, మనవరాలు అటకమీది పాత కాగితాలు దించుతున్నారు.

“మా అన్నయ్య పేపరు ఏనాడూ ఒక్క కాపీ మిగల్లేదే, పిల్లా! పోటీ పేపరాయన గుండెల్లో రైళ్లు పరిగెత్తాయి.”

“కోతలు చాల్లే తాతయ్యా. మరి నలభై రోజులకే ఎందుకు మూతబడింది?”

“కాపీలన్నీ కొన్నది ఆ పోటీ పేపరాయనేలే! ఊళ్లో ఎవరికీ అందకుండా తన గోదాములో పడేయించాడు.”

“పెద్దతాతయ్యకి తెలిసిందా?”

“వెళ్లి కళ్లారా చూశాడు. కట్టలకి నేను వేసిన ముళ్లు కూడా ఎవరూ విప్పలేదు. ఆ రోజే పేపరు ఆపేసి మంచం పట్టాడు.”

“ఒక టీచరమ్మ మాత్రం రోజూ చదివేదన్నావుగా? పేపరు ఆగిందని ఏడ్చిందనీ చెప్పావు.”

“అసలు అలాంటి ఆవిడే లేదమ్మా. అన్నయ్య అన్నం ముట్టడం లేదని నేనే పుట్టించాను. పోయేముందు, ఆవిణ్ణి ఒక్కసారి తీసుకురమ్మని అడిగాడు.”