మందు వాసన లేని నీళ్లు

రొట్టెలు చేసేవాడి పాప విరేచనాలతో పోయిన రోజు అది. తుఫానుకి ఇళ్లు పోయినవాళ్లంతా ఆ చిన్న దీవిలోని బడిలో తలదాచుకున్నారు. వరండాలో మంచినీళ్ల డ్రమ్ము మీదికి వంగి నర్సు వాసన చూసింది. నీళ్లు పంచే పెద్దావిడ పక్కనే చెంబు కడుగుతోంది.

"పెద్దమ్మా, ఇందులో క్లోరిన్ బిళ్లలు వేశావా?"

"నువ్వు చెప్పినన్నీ వేశాను తల్లీ. నా మీద కాపలా కూడానా?"

"మరి వాసన రావట్లేదేం?"

"అదా. ఆ కంపుకి పిల్లలు ముక్కు మూసుకుని పారిపోతున్నారు. నోరెండిపోతున్నా తాగరే. చూడలేక రెండు బిందెలు బావినీళ్లు కలుపుతున్నాను. ఇప్పుడు గటగటా తాగేస్తున్నారు."

నర్సు బావి వైపు చూసింది. మరుగుదొడ్ల గుంటలు నిండి, ఆ మురుగు ఊరి బావిలోకే దిగుతోంది.

"ఎప్పట్నుంచి కలుపుతున్నావు?"

"వచ్చిన కాడ్నించీ. ఎందుకలా చూస్తావు?"

"ఆ పాప తాగిందా?"

పెద్దావిడ చేతిలో చెంబు ఆగిపోయింది.

"నా చేత్తోనే పట్టాను."

నర్సు డ్రమ్ము అంచు పట్టుకుంది.

"మా మనవడు పొద్దుట్నుంచీ కడుపునొప్పంటున్నాడు. వేషాలేస్తున్నావని కసిరాను తల్లీ."

"పద, ముందు వాణ్ని చూద్దాం. డ్రమ్ము ఆ పక్క పట్టుకో, బోర్లిద్దాం."

"ఆ పాప వాళ్లమ్మకి నేనేం చెప్పను?"

"ఆవిడకే కాదు పెద్దమ్మా, గదిగదికీ వెళ్లి చెప్పాలి."

డ్రమ్ము ఖాళీ అయింది. గదుల్లో ఇంకా ఎవరికీ ఏమీ చెప్పలేదు.